పైథాన్ గారి దసరా మామూలు

కంప్యూటర్ అబద్ధం చెప్పదని మనకు చిన్నప్పుడెవరో చెప్పారు. పాపం వాళ్ళు పిప్‌ని చూడలేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి కావాల్సిన లైబ్రరీలని, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ మూటల్ని, ఇంటర్నెట్ నుంచి తెచ్చిపెట్టే ప్రోగ్రామ్ అది.

పిప్ ఇన్‌స్టాల్ టెన్సర్‌ఫ్లో అని కొట్టి ఎంటర్ నొక్కండి. పైథాన్ తాజాది అయ్యుంటే ఎర్రటి అక్షరాల్లో రెండు లైన్లు వస్తాయి. ‘కుడ్ నాట్ ఫైండ్ ఎ వెర్షన్ దట్ శాటిస్‌ఫైస్ ది రిక్వైర్‌మెంట్ టెన్సర్‌ఫ్లో (ఫ్రమ్ వెర్షన్స్: నన్)’ అని ఒకటి, దాని కింద ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’ అని ఇంకొకటి. అంటే మీరడిగిన సరుకు లేదు, దాని వెర్షన్లు ఎన్నున్నాయని వెతికితే ఒక్కటీ తేలలేదు అని. 2015లో గూగుల్ లోకం మీదికి వదిలిన మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో సగం ప్రాజెక్టు రిపోర్టుల మొదటి పేజీలో ఉండే పేరు, పిప్‌కి మాత్రం ఊరూ పేరూ తెలియదు.

బ్రాకెట్లో ఉన్న ఆ ‘నన్’ మీదే ఈ వ్యాసం. మిగతా విషయాలు దారిలో కాళ్ళకి తగులుతాయి, తప్పదు.

దసరాకి మామూలు అడగడం మనకు కొత్తేమీ కాదు. పోస్ట్‌మ్యాన్, వాచ్‌మ్యాన్, చెత్తబండి మనిషి, అందరూ ఏడాదికోసారి నవ్వుతూ నిలబడతారు, మనమూ నవ్వుతూ ఇస్తాం. పైథాన్ కూడా ఈ వరుసలో చేరి కొన్నేళ్ళయింది. ఒకప్పుడు ఏడాదిన్నరకోసారి వచ్చే కొత్త వెర్షన్, 3.9 నుంచి ఏటా వచ్చేలా తీర్మానం చేసుకున్నారు. 2020 అక్టోబర్ 5న 3.9, 2021 అక్టోబర్ 4న 3.10, 2022 అక్టోబర్ 24న 3.11, 2023 అక్టోబర్ 2న 3.12. 3.13 అయితే 2024 అక్టోబర్ 7న సరిగ్గా నవరాత్రుల మధ్యలో దిగింది. మరుసటేడు అదే తేదీకి 3.14. పోస్ట్‌మ్యాన్ వంద తీసుకుని వెళ్ళిపోతాడు. పైథాన్ మామూలు కింద మీ వారాంతం తీసుకుంటుంది, చిల్లర తిరిగివ్వదు.

ఈ మామూలు ముందుగా ఎవరిస్తారంటే, చెప్పిన మాట విన్నవాళ్ళు. కొత్త లాప్‌టాప్ కొన్న ఫైనలియర్ అమ్మాయి ఏం చేస్తుంది? అమీర్‌పేటలో జిరాక్స్ తీసిన నోట్సులో ఏముంటే అది చేస్తుంది. నోట్సులో ఏముంటుంది? ‘పైథాన్ డాట్ ఆర్గ్‌కి వెళ్ళి, పెద్ద పసుపు బటన్ నొక్కి, లేటెస్ట్ వెర్షన్ దించుకోవలెను. యాడ్ పైథాన్ టు పాత్ అన్న చోట టిక్ పెట్టవలెను.’ ఆ అమ్మాయి బటన్ నొక్కింది, టిక్ కూడా పెట్టింది. ఆజ్ఞలన్నీ శిరసావహించింది కాబట్టి శిక్ష పడింది. అదే, నాలుగేళ్ళ నాటి లాప్‌టాప్‌లో ఎప్పటిదో పాత 3.10 తీయడానికి బద్ధకించిన పక్క బెంచీ కుర్రాడికి అదే కమాండ్ నిమిషంలో ఎక్కింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న పెద్దలు ఈ ఒక్క విషయంలో తప్పులో కాలేశారు.

పైథాన్ ప్యాకేజీలన్నీ ఉండే పైపీఐ అనే సైటుకి ఒకప్పుడు ‘చీజ్ షాప్’ అని ముద్దుపేరు. పైథాన్‌కి పేరిచ్చిన బ్రిటిష్ హాస్య బృందం వారి ఓ సన్నివేశం నుంచి వచ్చిందది. ఒక పెద్దమనిషి జున్ను కొట్టుకి వెళ్ళి ఎన్ని రకాలు అడిగినా కొట్టులో ఒక్కటీ ఉండదు. సరదాకి పెట్టుకున్న పేరు. ఇంత నిజమవుతుందని పెట్టినవాళ్ళు అనుకుని ఉండరు.

మనకు జున్ను కొట్టు అలవాటు లేదు కాబట్టి సర్కారు ఆఫీసు కౌంటర్ అనుకుందాం. 2023 అక్టోబర్ మొదటి వారం. కౌంటర్లో పిప్ గారు. వెనక ర్యాకుల నిండా టెన్సర్‌ఫ్లో కట్టలు: 2.12, 2.13, అప్పుడే దిగిన 2.14. చేతిలో కొత్త 3.12 సంచితో మన అమ్మాయి.

“సార్, టెన్సర్‌ఫ్లో కావాలండీ.”

“లేదమ్మా.”

“మీ వెనకాలే ఉంది కదా సార్.”

“అది లెక్కలోకి రాదు.”

“ఎందుకు రాదండీ?”

“నువ్వడిగిందేమిటి, ఎన్ని వెర్షన్లున్నాయనా? సున్నా. నెక్స్ట్!”

అమ్మాయి తప్పు తనదే అనుకుంటుంది. మంచి పిల్లలు ముందు అదే అనుకుంటారు. స్పెల్లింగ్ మార్చి అడుగుతుంది. మధ్యలో గీత పెట్టి అడుగుతుంది. ఒక అక్షరం అటూ ఇటూ చేసి అడుగుతుంది. పిప్ గారికి ఉన్నట్టుండి ఉత్సాహం వస్తుంది. “ఆ పేరుతో ఎవరో ఏదో పెట్టిపోయారమ్మా, అందులో ఏముందో మేం విప్పి చూడలేదు, కట్టివ్వమంటావా?” (ఇది హాస్యం కాదు. ప్రసిద్ధ ప్యాకేజీల పేర్లకి అక్షరం మార్చి దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్ళున్నారు. దొరకలేదు కదా అని స్పెల్లింగ్‌తో ఆడుకోకండి.)

అమ్మాయి హాస్టల్ వైఫై మానేసి ఫోన్ హాట్‌స్పాట్ పెడుతుంది. యాంటీవైరస్ ఆపుతుంది. పైథాన్ తీసేసి మళ్ళీ అదే పైథాన్ వేస్తుంది. మళ్ళీ లైన్లో నిలబడుతుంది. “సున్నా. నెక్స్ట్!” చివరికి ఎవరో సీనియర్ జాలిపడి చెబుతాడు: కమాండ్ చివర గీతపెట్టి రెండు ‘వీ’లు తగిలించు, పిప్ వివరంగా చెబుతుంది. తగిలిస్తుంది. పిప్ గారు కళ్ళజోడు సర్దుకుని, అటూ ఇటూ చూసి, కౌంటర్ మీదికి వంగి గుసగుసగా చదవడం మొదలుపెడతారు. “స్కిప్పింగ్ లింక్, నన్ ఆఫ్ ది వీల్స్ ట్యాగ్స్ సీపీ311 ఆర్ కంపాటిబుల్. స్కిప్పింగ్ లింక్, సీపీ310...” అలా కట్టకొక లైను, స్క్రీన్ల కొద్దీ.

“అంటే నా పైథాన్ మరీ కొత్తదని మీకు ముందే తెలుసా సార్?”

“తెలీకపోవడమేమిటమ్మా, ప్రతి కట్టా తీసి చూసేగా పక్కన పెట్టాను.”

“మరి సున్నా అన్నారేంటి?”

“నీకు పనికొచ్చేవి సున్నా. నువ్వు వివరం అడగలేదుగా.”

ఇంతకీ ఆ సీపీ311 ఏమిటి? పైథాన్ లైబ్రరీలలో బరువైనవి పూర్తిగా పైథాన్‌లో ఉండవు. లోపలంతా సీ, సీ ప్లస్ ప్లస్ భాషలే. వాటిని ముందే కంపైల్ చేసి, అంటే మెషీన్ నేరుగా నడిపే రూపంలోకి మార్చి, ‘వీల్’ అనే కట్టలో పెట్టి పైపీఐకి ఎక్కిస్తారు. కట్ట పేరులోనే జాతకమంతా ఉంటుంది. నమ్‌పై-1.26.0-సీపీ312-సీపీ312-విన్_ఏఎండీ64 అంటే నమ్‌పై అనే లెక్కల లైబ్రరీ 1.26.0 వెర్షన్, సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథానే) 3.12 కోసం కట్టింది, 64 బిట్ విండోస్‌లో నడిచేది అని. పైథాన్ లోపలి నిర్మాణాలు ప్రతి అక్టోబర్‌కీ కాస్త అటూ ఇటూ జరుగుతాయి. 3.11 కోసం కంపైల్ చేసిన కట్ట 3.12లో పెడితే ఎక్కడో తెలియని చోట కుప్పకూలుతుంది. కాబట్టి ఎక్కించకపోవడం సబబే. ఆ మాట చెప్పకపోవడం దగ్గరే నాకు పేచీ.

ఏబీఐ3 అని ఇంకో పద్ధతి ఉంది. ఒక్కసారి కంపైల్ చేస్తే ఆ తర్వాతి వెర్షన్లన్నిటికీ సరిపోతుంది. క్రిప్టోగ్రఫీ లైబ్రరీ అలాగే హాయిగా బతుకుతోంది. కానీ అందులో పైథాన్ లోపలి భాగాలు కొన్నే అందుబాటులో ఉంటాయి, నమ్‌పై లాంటివాటికి ఆ ఇల్లు చాలదు. అందుకని ఏటా కొత్త కట్టలు. కొందరు వేగంగా కడతారు, నమ్‌పై వాళ్ళు 3.12 రావడానికి రెండు వారాల ముందే 1.26.0 పెట్టేశారు. టెన్సర్‌ఫ్లో కట్ట 3.12కి 2024 మార్చిలో 2.16తో వచ్చింది. 3.13కి అయితే 2025 ఆగస్టులో, 2.20తో. అంటే పిల్ల పుట్టిన పది నెలలకి బారసాల, ఆ భోజనాలు అరిగేలోపే ఇంకో పిల్ల.

‘నన్’ అంటే ఉన్నవాటిలో మర్యాదైన మరణం. రెండు లైన్లలో పోతుంది. కట్ట దొరక్కపోయినా సోర్స్ కోడ్ దొరికే లైబ్రరీలున్నాయి చూశారూ, అసలు పురాణం అక్కడ మొదలవుతుంది. కట్ట లేదా, అయితే వండుకు తిను అని పిప్ గారు బియ్యం, పప్పు మూట కట్టి ఇస్తారు. పొయ్యి ఏదీ? విండోస్‌లో పొయ్యి ఉండదు. ‘మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 ఆర్ గ్రేటర్ ఈజ్ రిక్వయర్డ్’ అంటుంది. ఒక లెక్కల లైబ్రరీ కోసం కొన్ని జీబీల కంపైలర్ దించుకోవాలి. సైపై అనే సైన్సు లెక్కల లైబ్రరీ అయితే ఇంకో మెట్టెక్కి ఫోర్ట్రాన్ కంపైలర్ కూడా కావాలంటుంది. ఐబీఎం వాళ్ళు 1957లో ఇచ్చిన భాష. పైథాన్ మరీ కొత్తదైపోయినందుకు శిక్షగా మనల్ని దాని తాతగారింటికి పంపిస్తారన్నమాట.

ఇవన్నీ సమకూర్చుకున్నా, పాత ప్రాజెక్టు రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో (కావాల్సిన లైబ్రరీల జాబితాలో) నమ్‌పై 1.24.3 అని బిగించి ఉందనుకోండి. 3.12లో వచ్చే సమాధానం నాకు ప్రాణం. “మాడ్యూల్ పీకేజీయుటిల్ హాజ్ నో యాట్రిబ్యూట్ ఇంప్ఇంపోర్టర్. డిడ్ యూ మీన్: జిప్ఇంపోర్టర్?” మందుల షాపులో జ్వరం బిళ్ళ అడిగితే, అది లేదండీ, మీరు అడిగింది జిప్పు కాదు కదా, ఆ పక్కన టైలర్ ఉన్నాడు అన్నట్టు. అంత మర్యాదగా అడుగుతుంటే లేదని చెప్పడానికి మనకే మొహమాటం.

విషయం ఏమిటంటే, నమ్‌పై 1.24 తనని వండటానికి సెటప్‌టూల్స్ అనే కట్టలు కట్టే పనిముట్టులో 59.2.0 వెర్షన్ మాత్రమే కావాలని తన ఫైల్లో రాసుకుంది. పిప్ లోపల వేరే గది కట్టి, ఆ పాత సెటప్‌టూల్స్‌నే తెచ్చి పెడుతుంది. ఆ పాతదేమో 3.12లో తీసేసిన ఇంప్ఇంపోర్టర్‌ని వెతుక్కుంటుంది. అందుకే ‘సెటప్‌టూల్స్ అప్‌గ్రేడ్ చెయ్యి’ అన్న సలహా ఎన్నిసార్లు పాటించినా పని జరగదు. మీరు అప్‌గ్రేడ్ చేసింది హాల్లో. వంట జరిగేది తలుపేసిన గదిలో. అక్కడికి మీకు ప్రవేశం లేదు. నమ్‌పై అంకె 1.26కి మార్చుకోవాలి, లేదా పైథాన్ 3.11కి దిగాలి.

ఇంత గందరగోళం చివర పిప్ గారు సంతకం పెట్టే వాక్యం ఇంకోటుంది. ‘దిస్ ఎర్రర్ ఒరిజినేట్స్ ఫ్రమ్ ఎ సబ్‌ప్రాసెస్, అండ్ ఈజ్ లైక్లీ నాట్ ఎ ప్రాబ్లమ్ విత్ పిప్.’ ఫైలు మా దగ్గర ఆగలేదు, పక్క సెక్షన్లో కనుక్కోండి. ఈ వాక్యం రాసినవారికి మన సచివాలయంలో ఏ శిక్షణా అక్కర్లేదు.

‘ముందే హెచ్చరించాం కదా’ అనే పెద్దమనుషులు ఇక్కడ ప్రవేశిస్తారు. నిజమే, హెచ్చరించారు. 2000 నుంచి పైథాన్‌తో పాటే వస్తున్న డిస్ట్‌యుటిల్స్ అనే కట్టలు కట్టే మాడ్యూల్‌ని తీసేస్తామని 2021లో, 3.10లోనే చెప్పారు. 2023లో తీసేశారు. రెండేళ్ళ గడువు. కానీ ఆ హెచ్చరిక ఎక్కడ కనపడుతుంది? డెప్రికేషన్ వార్నింగ్, అంటే ‘ఇది తీసేయబోతున్నాం’ అన్న హెచ్చరిక, మామూలుగా తెర మీదికి రాదు. మీరు నేరుగా నడిపే ఫైల్లో ఉంటే తప్ప, లైబ్రరీల లోపలివన్నీ మౌనంగా మింగేస్తుంది. గుడిలో అన్నదానం ఆపేస్తున్నామని గర్భగుడి లోపలి గోడ మీద నోటీసు అంటించినట్టు. పూజారి చదివాడు. ఆకలేసినవాడు బయట క్యూలో ఉన్నాడు.

3.13లో ఇంకో పందొమ్మిది మాడ్యూళ్ళు ఒకేసారి పోయాయి. సీజీఐ, టెల్నెట్‌లిబ్, ఆడియోఆప్ వగైరా. ఆడియోఆప్ పోతే దాని మీద ఆధారపడ్డ పైడబ్ అనే ఆడియో లైబ్రరీ పడింది. పడేటప్పుడైనా అసలు పేరు చెప్పిందా? ముందు ఆడియోఆప్ కోసం చూసి, లేదని ‘పైఆడియోఆప్’ కోసం చూసి, ఆ రెండో పేరు గట్టిగా చెప్పి చచ్చిపోతుంది. జనం పైఆడియోఆప్ ఎక్కడుందని ఊరంతా వెతుకుతారు. కావాల్సింది ఆడియోఆప్-ఎల్‌టీఎస్ అనే ప్యాకేజీ. అది వేస్తే లేచి కూర్చుంటుంది.

అనుభవజ్ఞులు నవ్వుకోనక్కర్లేదు. 3.10 వచ్చినప్పుడు వాళ్ళ యామల్ అనే రకం సెట్టింగుల ఫైళ్ళలో కోట్స్ లేకుండా 3.10 అని రాసుకుంటే, యామల్ దాన్ని దశాంశ సంఖ్య అనుకుని చివరి సున్నా కొట్టేసి 3.1 అని చదివింది. సర్వర్లు 2009 నాటి పైథాన్ 3.1 కోసం బయల్దేరాయి.

పిప్ మీద ఇన్ని రాళ్ళు వేశాను కానీ ఒక మాట చెప్పాలి. దాన్ని నడుపుతున్నది కొద్దిమంది వాలంటీర్లు, చాలావరకు తీరిక వేళల్లో. లైబ్రరీలు రాసేవాళ్ళలో చాలామందిదీ అదే బతుకు. ఆఖరి రూపు దాదాపు ఖాయమయ్యే మొదటి రిలీజ్ క్యాండిడేట్‌కీ (ఆర్‌సీ), అసలు విడుదలకీ మధ్య వాళ్ళకి దొరికేది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో విండోస్‌కి, లినక్స్‌కి, మ్యాక్‌లో రెండు రకాల చిప్పులకి, అన్నిటికీ కట్టలు కట్టాలి. విడుదలైన రోజు ఉదయమే వాళ్ళ గుమ్మంలో ఓ ఫిర్యాదు పడుతుంది: ‘3.13 సపోర్ట్ ఎప్పుడు? మాకు ప్రొడక్షన్లో అర్జెంట్.’ ఫిర్యాదు రాసినవాడి కంపెనీ ఆ లైబ్రరీ మీద కోట్లు గడిస్తుంటుంది, ఆ లైబ్రరీ రాసేవాళ్ళకి ఒక్క టీ కూడా ఇప్పించి ఉండదు. అర్జెంటయితే మీ కంపెనీలో ఒక మనిషికి జీతమిచ్చి కట్ట కట్టించండి! సిగ్గుండాలి.

ఇంకా మండేది వీళ్ళని చూసి కాదు. ఫీజు పుచ్చుకుని పాఠం చెప్పేవాళ్ళని చూసి. వేలకి వేలు కట్టించుకుని, మూడేళ్ళ కిందటి నోట్సులో ‘లేటెస్ట్ దించుకోవలెను’ అన్న ఒక్క మాట కొట్టేసి ‘3.11’ అని రాయలేరా? పెన్నుతో రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు మీరు మిగుల్చుకున్నందుకు ఒక పిల్ల మూడు రాత్రులు నిద్ర మాని, రివ్యూలో తలొంచుకుని నిలబడుతుంది. ‘ఇన్‌స్టాల్ చేసుకోవడమే రాదు, నువ్వేం ప్రాజెక్ట్ చేస్తావమ్మా’ అని నలుగురిలో అంటారు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? మీరు చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. తెలుగు మీడియం నుంచి వచ్చి, ఇంగ్లీషులో ఉన్న ఎర్రర్‌ని డిక్షనరీ పెట్టుకుని చదివిన పిల్ల ఆమె. చదివితే అందులో ఏముంది? నన్.

ఎందుకు దొరకలేదో విప్పి చెప్పడం చేతకాని పని కూడా కాదు. 2024లో వచ్చిన యూవీ అనే పనిముట్టు ఉంది. పిప్ చేసే పనే చేస్తుంది. దాని ఇటీవలి వెర్షన్లని ఇదే ప్రశ్న అడిగితే ఒక హింట్ ఇస్తుంది: మీది సీపీ312, ఈ ప్యాకేజీకి మాకు దొరికినవి సీపీ39, సీపీ310, సీపీ311 మాత్రమే అని. ఒక్క వాక్యం. ఏ ‘వీ’లూ తగిలించకుండానే.

సరే, మామూలు ఎలాగూ ఇవ్వాలి, తక్కువలో వదిలించుకునే దారి చూడండి. ముందు పైపీఐలో ఆ ప్యాకేజీ పేజీకి వెళ్ళి ‘డౌన్‌లోడ్ ఫైల్స్’ నొక్కండి. మీ విండోస్ పేరున్న కట్టల్లో పెద్ద సీపీ అంకె ఏదో చూసి ఆ పైథానే వేసుకోండి. రెండు మూడు పైథాన్లు ఒకే మెషీన్లో తగాదా లేకుండా ఉంటాయి, ఉన్నదాన్ని పీకనక్కర్లేదు. ఉబుంటులో అయితే సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌ని అసలే ముట్టుకోకండి, దాంతోపాటు డెస్క్‌టాప్ కూడా సాగనంపిన మహానుభావులున్నారు.

3.11 కావాలనుకుని పైథాన్ సైట్‌లో 3.11 వరుసలో అన్నిటికన్నా పెద్ద అంకె నొక్కితే ఇంకో గుంట. అక్కడ విండోస్ ఇన్‌స్టాలర్ ఉండదు, వట్టి సోర్స్ ఉంటుంది. భద్రతా సవరణల దశకి చేరాక ఇన్‌స్టాలర్లు కట్టడం ఆపేస్తారు. 3.11కి ఆఖరి ఇన్‌స్టాలర్ 3.11.9. 3.10కి 3.10.11. 3.12కి 3.12.10. ఈ మూడంకెలూ నోట్సు అట్ట మీద రాసుకోండి, మీ ఇన్‌స్టిట్యూట్ ఎలాగూ రాయదు.

తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్లో పీవై -3.11 -ఎం వెన్వ్ ఎన్వ్ అని కొట్టి (ఆ ప్రాజెక్టుకి విడిగా ఒక పైథాన్ గది కడుతుంది), దాన్ని యాక్టివేట్ చేసి, పిప్‌కి ముందు పైథాన్ -ఎం తగిలించి నడపండి, ఏ పైథాన్‌కి వేస్తున్నారో అనుమానం ఉండదు. వంట వద్దు, కట్టలే చాలు అనుకుంటే ఓన్లీ-బైనరీ ఆప్షన్‌కి ‘:ఆల్:’ అని ఇవ్వండి. కట్ట లేకపోతే అక్కడే ఆగుతుంది, కంపైలర్ కోసం మిమ్మల్ని ఊళ్ళు తిప్పదు.

అన్నీ సరిగ్గా చేస్తే అయిదు నిమిషాల్లో డౌన్‌లోడ్ గీత నిండుతుంది. ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అని వస్తుంది. అమ్మాయి ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలుతుంది. అప్పుడు కింద, ఎవరూ అడక్కుండా, ఏ ‘వీ’లూ తగిలించకుండా, రంగురంగుల అక్షరాల్లో పిప్ గారు ఇంకో రెండు లైన్లు స్పష్టంగా, బిగ్గరగా చెబుతారు:

నోటీస్: పిప్ కొత్త వెర్షన్ వచ్చింది. అప్‌డేట్ చేసుకోగలరు.